మందు ఇవ్వకముందే తల సర్దాలి

(ప్రపంచ ఎనస్థీషియా దినోత్సవం నాడు శ్రీకాకుళంలో స్టాఫ్ నర్సులు, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్లు, హౌస్ సర్జన్ల సమావేశంలో ఒక మత్తు వైద్యురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడినవారు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కాసేపట్లో ఈ బల్ల మీద ఒకరిని పడుకోబెట్టి చూపించబోతున్నాను. దూరం నుంచి చూస్తే అర్థం కాదు.

ఏటా అక్టోబరు 16న మనం బోస్టన్ గురించి చెప్పుకుంటాం. 1846లో ఆ రోజున విలియం మోర్టన్ ఈథర్ పీల్పిస్తే, జాన్ వారెన్ అనే సర్జన్ ఒక యువకుడి మెడ మీది గడ్డకు కత్తి పెట్టారు. మన వృత్తికి పునాది అక్కడే పడిందంటాం. గొప్ప కథే. అయినా ఇవాళ నాకిచ్చిన సమయమంతా రోగి తల కింద పెట్టే దిండుకే ఖర్చు చేస్తాను. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా చిన్న ఆసుపత్రుల థియేటర్లకు వెళ్లినప్పుడు మంచి మానిటర్లు కనిపిస్తున్నాయి, మంచి మందులు కనిపిస్తున్నాయి. తల కింద మాత్రం ఒకచోట నలిగి పలచబడిన దూది దిండు, ఇంకోచోట ఏమీ ఉండదు. "మందు ఇచ్చాక సర్దుకుందాం మేడమ్" అంటారు. ఈ ఒక్క మాట మన థియేటర్లలో వినపడకుండా పోవాలని నా కోరిక.

ఎందుకో చెబుతాను. పూర్తి మత్తు ఇచ్చేటప్పుడు జరిగేది మీకు తెలిసిందే. నిద్ర మందు నరంలోకి వెళ్తుంది. దాని వెనకే కండరాలను సడలించే మందు. కాసేపటికే ఊపిరి ఆగుతుంది. నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. అప్పటి నుంచి శ్వాసనాళంలోకి ట్యూబు వెళ్లేదాకా, మధ్యలో మనం మాస్కుతో ఊదగలిగితే సరే. ఊదలేకపోతే ఆ మనిషి బతికేది ఊపిరితిత్తుల్లో మిగిలి ఉన్న ఆక్సిజన్ మీదే.

ఆ మిగిలింది ఎంత? మామూలు పెద్ద మనిషి ఊపిరి వదిలేశాక కూడా లోపల సుమారు రెండున్నర లీటర్ల గాలి ఉంటుంది. విశ్రాంతిగా ఉన్న శరీరం నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటుంది. బయటి గాలిలో ఆక్సిజన్ 21 శాతమే కనుక ఆ రెండున్నర లీటర్లలో అసలు సరుకు అర లీటరు. మహా అయితే రెండు నిమిషాలు. అదే ముఖానికి మాస్కు గట్టిగా ఆనించి మూడు నిమిషాలు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తే ఆ నిల్వ రెండు లీటర్లు దాటుతుంది. కాగితం మీద ఎనిమిది నిమిషాలు. అది ఆరోగ్యంగా, సన్నగా ఉన్న మనిషి లెక్క. వెల్లకిలా పడుకోగానే పొట్టలోని అవయవాలు ఛాతీకీ పొట్టకీ మధ్యనున్న కండరపు తెర డయాఫ్రమ్‌ను పైకి నెడతాయి, నిల్వ తగ్గుతుంది. మత్తు ఎక్కగానే ఇంకా తగ్గుతుంది. లావుగా ఉన్నవారికి, నెలలు నిండిన గర్భిణికి, పొట్ట ఉబ్బి వచ్చినవారికి ఈ లెక్క నిమిషాల్లోంచి సెకన్లలోకి దిగిపోతుంది.

కాబట్టి రోగిని సరిగ్గా పడుకోబెట్టడం వల్ల రెండు లాభాలు. ఒకటి, గొంతు లోపల చూడటానికి నోట్లో పెట్టే లారింగోస్కోప్ పెట్టినప్పుడు స్వరతంతువులు బాగా కనిపించడం. రెండోది, ఆక్సిజన్ నిల్వ పెరగడం. పుస్తకాలు మొదటిదాని గురించి పేజీలు పేజీలు రాస్తాయి. నన్నడిగితే ప్రాణం కాపాడేది రెండోది.

ఇప్పుడు చూద్దాం. తమ్ముడూ, చెప్పులు విప్పి బల్ల మీద వెల్లకిలా పడుకో. భయపడకు, నీకు మందేమీ ఇవ్వను. మిగతావారు పక్క నుంచి చూడండి, తలవైపు నుంచి కాదు. ఇది ముఖ్యం. మనం ఎప్పుడూ తలవైపే నిలబడతాం కనుక తల సరిగ్గా ఉందో లేదో మనకు తెలియదు. పక్కన నిలబడిన నర్సుకు తెలుస్తుంది. అందుకే ఈ పని డాక్టరు ఒక్కరి పని కాదంటాను.

దిండు తీసేశాను. గడ్డం పైకి లేచింది, మెడ బల్లకు ఆనుకుపోయింది. చాలామంది ఇలాగే ఉంచి తలను ఇంకా వెనక్కి వంచుతారు. ఇప్పుడు ఈ దుప్పటిని నాలుగు మడతలు పెట్టి తల కింద పెడుతున్నాను, ఎత్తు ఏడు నుంచి తొమ్మిది సెంటీమీటర్లు ఉంటుంది. ఏం జరిగింది? మెడ కింది భాగం ఛాతీ మీదికి కొంచెం ముందుకు వంగింది. ఇక్కడితో ఆపితే గడ్డం ఛాతీకి దగ్గరై పని చెడుతుంది. మెడ అలా ఉండగానే తలను మాత్రం, మెడ పైభాగంలో ఉన్న కీలు దగ్గర, వెనక్కి వంచాలి. ఇదిగో ఇలా. కొలిచి చూసినవారు మెడ ముందుకు సుమారు 35 డిగ్రీలు, ముఖం వెనక్కి సుమారు 15 డిగ్రీలు అని రాశారు. థియేటర్‌లో కోణాలు ఎవరూ కొలవరు. అందుకని ఈ స్కేలు చూడండి. ఒక కొన చెవి రంధ్రం దగ్గర, ఇంకో కొన రొమ్ము ఎముక పైన ఉన్న గుంట దగ్గర. స్కేలు నేలకు సమాంతరంగా ఉందా? ఉంది. ఇదే గుర్తు. సన్నగా ఉన్నా లావుగా ఉన్నా పెద్దవాళ్లందరికీ ఇదే గుర్తు. ఎత్తు ఎంత పెట్టాలన్నది మనిషిని బట్టి మారుతుంది, ఈ గీత మాత్రం మారదు.

దిండు తల కిందే ఉండాలి. భుజాలు దిండు మీదికి ఎక్కితే దిండు పెట్టిన ఫలితం పోతుంది. మెత్తటి దిండు తల బరువుకు అణిగిపోతుంది. మందు ఇచ్చేముందు తొమ్మిది సెంటీమీటర్లున్నది మాస్కు పట్టి నొక్కేసరికి నాలుగవుతుంది. మడతపెట్టిన దుప్పటి అణగదు, అందుకే నాకు దుప్పటి మీదే నమ్మకం.

మీరందరూ ఇప్పుడు ఒక పని చేయండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించి నోరు తెరవండి. ఎంత తెరుచుకుంది? ఇప్పుడు తల కొంచెం వెనక్కి వంచి తెరవండి. తేడా తెలిసింది కదా. లారింగోస్కోప్ బ్లేడు వెళ్లాల్సింది ఆ సందులోంచే.

ఈ భంగిమ గురించి చెప్పినప్పుడు మత్తు వైద్యుడు ఇవాన్ మగిల్ పేరు రాకుండా ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో హెరాల్డ్ గిలీస్ ఆపరేషన్లు చేసేవారు. ముఖం మీదే సర్జన్ పని ఉంటే మత్తు ఇచ్చే మాస్కు ఎక్కడ పెట్టాలి? ఆ ఇరకాటంలోంచే శ్వాసనాళంలోకి రబ్బరు గొట్టం వేసే పద్ధతిని మగిల్ సానబెట్టారు. పొద్దున్నే గాలి వాసన పీలుస్తున్న మనిషి తల ఎలా ఉంటుందో అలా పెట్టమని 1936లో ఆయన రాశారు. అంతకుముందు 1913లో షెవాలియర్ జాక్సన్ అనే అమెరికన్ వైద్యుడు తల బాగా వెనక్కి వంచే పద్ధతి చెప్పారు. 1944లో బానిస్టర్, మాక్‌బెత్ అనే ఇద్దరు మూడు గీతలు గీసి చూపించారు. నోటి గీత, గొంతు గీత, స్వరపేటిక గీత. తల ఇలా పెడితే మూడూ ఒకే వరుసలోకి వస్తాయన్నారు. అందరం ఆ బొమ్మే చూసి చదువుకున్నాం.

2001లో ఫ్రాన్సులో ఫ్రెడెరిక్ ఆద్నే బృందం ఎనిమిది మంది ఆరోగ్యవంతులకు ఎమ్మారై తీసి చూస్తే ఆ మూడు గీతలు ఏ భంగిమలోనూ ఒకటి కాలేదు. అదే ఏడాది 456 మంది రోగుల్లో దిండు పెట్టి ఒక విధంగా, దిండు లేకుండా తల మాత్రమే వెనక్కి వంచి ఇంకో విధంగా చూశారు. మొత్తం మీద తేడా కనిపించలేదు. లావుగా ఉన్నవారిలో, మెడ వెనక్కి వంగనివారిలో మాత్రం దిండు పెట్టడమే మేలని తేలింది.

ఈ ఫలితాన్ని పట్టుకుని దిండు అక్కర్లేదని వాదించేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. పుస్తకంలోని బొమ్మ తప్పు కావచ్చు, బొమ్మ తప్పైతే దిండు తప్పు కాదు. ఎవరికి ట్యూబు కష్టమవుతుందో ముందుగా కచ్చితంగా చెప్పే పరీక్ష ఇప్పటికీ లేదు. గుంటూరు వైద్య కళాశాలలో చదివి బోస్టన్ వెళ్లిన మల్లంపాటి శేషగిరిరావు గారు 1985లో నోరు తెరిపించి, నాలుక చాపించి, కొండనాలుక ఎంత కనబడుతుందో చూసే పరీక్ష ప్రపంచానికి ఇచ్చారు. భూమ్మీద ఏ మూల మత్తు డాక్టరైనా రోజూ పలికే తెలుగు ఇంటిపేరు అది. తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయినా ఆ పరీక్ష ఒక్కదాన్నే చూసి ధైర్యపడకూడదు. నోరు బాగుండి మెడ బిగుసుకుపోయినవారు ఉంటారు. రోగి మెలకువగా ఉన్నప్పుడే పైకప్పు వైపు చూడమనండి, గడ్డం ఛాతీకి ఆనించమనండి. ఎక్కడ ఆగిపోతాడో అక్కడే మత్తులో కూడా ఆపాలి. ముసలివారిలో, కీళ్లవాతం ఉన్నవారిలో మత్తు ఇచ్చాక మెడను బలవంతంగా వంచడం ప్రమాదం. వెన్ను గూనిగా వంగిన అవ్వను బల్ల మీద పడుకోబెడితే తల గాలిలో నిలబడుతుంది. ఆ ఖాళీని దుప్పట్లతో నింపండి. తలను నొక్కి బల్లకు ఆనించకండి.

లావుగా ఉన్నవారి సంగతి నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు అక్కడే జరుగుతున్నాయి. అలాంటి రోగి వెల్లకిలా పడుకుంటే ఛాతీ ఎత్తుగా లేచి, తల దాని వెనక పల్లంలోకి పోతుంది. అది చూసి తల కింద ఇంకో దిండు పెడతారు. గడ్డం ఛాతీలోకి గుచ్చుకుంటుంది, ఇంకా చెడుతుంది. ఎత్తవలసింది తలను మాత్రమే కాదు, వీపు పైభాగం నుంచి. మొదటి దుప్పటి వీపు సగం నుంచి మొదలవ్వాలి. దాని మీద రెండోది భుజాల కింద. ఆ పైన మూడోది మెడా తలా కింద. కింది నుంచి పైకి మెట్లు మెట్లుగా. పక్క నుంచి చూస్తే చెవీ, రొమ్ము ఎముక గుంటా ఒకే ఎత్తులోకి వచ్చేదాకా పెడుతూ పోవాలి. ఎన్ని దుప్పట్లు పడతాయంటే చెప్పలేను, మూడు కావచ్చు, ఆరు కావచ్చు. చేతులు పెట్టే బోర్డులను కూడా అదే ఎత్తుకు లేపండి. లేకపోతే చేతులు కిందికి వేలాడి భుజాల దగ్గర నరాలు సాగుతాయి.

ఇదంతా రోగి మెలకువగా ఉన్నప్పుడే చేయాలి. వంద కిలోల మనిషిని మత్తు ఇచ్చాక లేపి దుప్పట్లు దూర్చడానికి నలుగురు కావాలి, అప్పటికి ఊపిరి కూడా ఆగి ఉంటుంది. మెలకువగా ఉంటే "అమ్మా, కొంచెం లేచి కూర్చోండి" అంటే ఆవిడే లేస్తారు. పడుకున్నాక "ఊపిరి హాయిగా ఆడుతోందా?" అని అడిగితే ఆవిడే చెబుతారు. ఆ జవాబు కంటే మంచి కొలత నాకు తెలియదు.

2004లో కాలిన్స్ బృందం బాగా స్థూలకాయులైన 60 మందిలో ఈ మెట్ల పద్ధతిని మామూలు దిండుతో పోల్చి, మెట్ల మీద స్వరపేటిక బాగా కనబడుతోందని చూపింది. ఆక్సిజన్ సంగతి 2005లో డిక్సన్ బృందం చూసింది. స్థూలకాయులను బల్లకు సమంగా పడుకోబెట్టి ఆక్సిజన్ పట్టి, ఊపిరి ఆగాక ఎంతసేపటికి ఆక్సిజన్ పడిపోతుందో లెక్కపెట్టారు. సగటున 155 సెకన్లు. తలవైపు 25 డిగ్రీలు లేపి పడుకోబెట్టినవారికి 201 సెకన్లు. తేడా 46 సెకన్లు. ఎవరికైనా చిన్నగా అనిపిస్తే, ఈ గడియారంలో ముల్లు చూస్తూ 46 సెకన్లు ఊపిరి బిగబట్టండి. ట్యూబు కనబడక చెమటలు పడుతున్న చేతికి ఆ 46 సెకన్లు ఎంత విలువైనవో తెలుస్తుంది. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, బల్ల పక్కనున్న పిడి తిప్పితే చాలు.

మన జిల్లాకు ప్రత్యేకమైన విషయం ఒకటుంది. ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు నుంచి వచ్చే కిడ్నీ రోగులు. వీరిలో లావుగా ఉన్నవారు తక్కువ. సన్నగా, ఎండిపోయి ఉంటారు. మల్లంపాటి పరీక్ష బాగుంటుంది, మెడ బాగుంటుంది. కాగితం మీద ఏ ఇబ్బందీ కనబడదు. కానీ ఒంట్లో నీరు నిలిచి ఊపిరితిత్తులు బరువెక్కి ఉంటాయి. అలాంటివారిని నేను మొదట అడిగే ప్రశ్న "రాత్రి ఎలా పడుకుంటారు?" అని. కొబ్బరి తోట ఉన్న ఒక పెద్దాయన హెర్నియాలో పేగు ఇరుక్కుని రాత్రివేళ వచ్చారు. "పడుకోవడం ఎక్కడిదమ్మా, గోడకు చేరబడి కూర్చునే కునుకు తీస్తాను" అన్నారు. ఇంట్లో పడుకోలేని మనిషి మన బల్ల మీద మాత్రం ఎలా పడుకోగలడు? వెల్లకిలా పెట్టగానే ఆయన ముక్కుపుటాలు అదరడం మొదలైంది. బల్ల తలవైపు బాగా లేపి, వీపు కింద దుప్పట్లు పెట్టి, సగం కూర్చున్నట్టుగానే ఆక్సిజన్ పట్టి, అలాగే మందు ఇచ్చాం. ఇరుక్కున్న పేగు కనుక కడుపులోది పైకి వచ్చే ప్రమాదం కూడా ఉంది. తల ఎత్తులో ఉండటం దానికీ మంచిదే. పక్కన నోట్లోది పీల్చేసే సక్షన్ యంత్రం నడుస్తూనే ఉంది. తల లేపినప్పుడు రక్తపోటు పడిపోతుంది, అందుకని మందు మోతాదు ఆచితూచి ఇవ్వాలి. అది మరిచిపోవద్దు.

డయాలసిస్ రోగిని సర్దేటప్పుడు ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోటు, ఉన్న చేతిని చూడండి. ఆ చేతికి బీపీ కఫ్ కట్టకూడదు, సూది గుచ్చకూడదు, పట్టీతో బిగించకూడదు, ఒంటికింద నలగకూడదు. అన్నీ సర్దాక మీ వేళ్లు ఫిస్టులా మీద ఆనించండి, జివ్వుమని అదురు తెలియాలి. ఆపరేషన్ మధ్యలోనూ ఒకసారి చూడండి. ఆ అదురు పోతే ఆయనకు డయాలసిస్ దారి మూసుకుపోయినట్టే.

ఇక తల్లులు. సిజేరియన్లు ఎక్కువగా వెన్నులో సూదితోనే జరుగుతాయి, పూర్తి మత్తు అవసరమయ్యేది అత్యవసరంలోనే. అంటే హడావిడి. ఆ హడావిడిలోనే రెండు పనులు జరగాలి. ఇరవై వారాలు దాటిన గర్భం వెల్లకిలా పడుకుంటే పొట్టలోని పెద్ద రక్తనాళాల మీద పడి బీపీ తగ్గుతుంది. కుడి తుంటి కింద మడత పెట్టి ఎడమకు సుమారు 15 డిగ్రీలు ఒరిగించాలి. నడుము ఒరిగినా తలా, మెడా, ఛాతీ పైభాగం మాత్రం ఇందాక చూపిన గీతలోనే ఉండాలి. గర్భిణికి ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది, గొంతులో వాపు ఉంటుంది, రొమ్ములు బరువెక్కి లారింగోస్కోప్ పిడికి అడ్డం వస్తాయి. పొట్టి పిడి ఉంటే వాడండి. లేకపోతే బ్లేడును విడిగా నోట్లో పెట్టి తర్వాత పిడి తగిలించవచ్చు.

జుట్టు సంగతి కూడా చెప్పాలి. ఆపరేషన్‌కు పంపేముందు ఆడవారికి రెండు జడలు వేసి పంపడం మన వార్డుల్లో పాత ఆచారం. కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఎందుకో తెలియక మానేస్తున్నారు. తల వెనక కొప్పు ఉంటే తల ముందుకు నెట్టుకొస్తుంది, వెనక్కి వంగదు, పక్కకు దొర్లుతుంది. కొప్పు విప్పి, రెండు పాయలు చేసి, చెవుల పక్కగా ముందుకు వేస్తే తల వెనక భాగం దుప్పటి మీద నిలకడగా ఆనుతుంది. ఆ ఆచారం మొదలుపెట్టిన నర్సులెవరో గానీ వారికి నా దండాలు. దయచేసి దాన్ని వదలకండి.

పసిపిల్లలకు ఇదంతా తారుమారు. రెండేళ్ల లోపు పిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, వెనక భాగం బాగా పొడుచుకొచ్చి ఉంటుంది. పడుకోగానే మెడ తనంతట తానే ముందుకు వంగుతుంది. ఇంకా దిండు పెడితే ఊపిరి దారి మూసుకుపోతుంది. అందుకని తల కింద ఏమీ వద్దు, భుజాల కింద చిన్న తువ్వాలు చుట్ట. తల దొర్లకుండా చుట్టూ మెత్తటి వలయం పెడితే చాలు.

చెట్టు మీద నుంచి పడినవారిని మన జిల్లాల్లో పనిచేసే ఎవరైనా చూసే ఉంటారు. కొబ్బరిచెట్టు, తాటిచెట్టు. అలాగే హైవే మీద ప్రమాదాలు. వీరి మెడ ఎముక విరగలేదని తేలేదాకా విరిగినట్టే లెక్క. ఇప్పటిదాకా చెప్పిన దిండు సూత్రం వీరికి వర్తించదు. తల ఎలా ఉందో అలాగే ఉంచాలి. మెడ కాలర్ ముందు భాగం విప్పాలి, అది ఉంటే నోరు తెరుచుకోదు. విప్పేముందే ఒకరు రెండు చేతులతో తలను రెండు పక్కలా పట్టుకోవాలి. లాగకూడదు, కదలనివ్వకూడదు. వారి పని అదొక్కటే, ఇంకేమీ అందించకూడదు. స్వరతంతువులు సరిగ్గా కనబడవు, ఆ సంగతి ముందే ఒప్పుకుని బూజీని, అంటే ట్యూబుకు దారి చూపే సన్నటి పొడవాటి కడ్డీని, చేతికి అందేలా పెట్టుకోండి. వీడియో లారింగోస్కోప్ ఉంటే అదే తీయండి.

బల్ల ఎత్తు. రోగి ముఖం మీ రొమ్ము ఎముక కింది కొన ఎత్తులో ఉండాలి. పొట్టిగా ఉన్నవారు స్టూలు ఎక్కడానికి మొహమాటపడకండి, ముఖ్యంగా దుప్పట్లతో తల లేపినప్పుడు.

ఇన్నీ చేసినా కనబడలేదనుకోండి. అప్పుడు చాలామంది ఏం చేస్తారు? అదే తల, అదే దిండు, అదే బ్లేడు, అదే చేయి. ఇంకాస్త బలంగా లాగుతారు. పళ్లు విరిగేది, గొంతు వాచేది అప్పుడే. బ్లేడు తీసేయండి. మాస్కుతో ఆక్సిజన్ ఇవ్వండి. ఏదో ఒకటి మార్చకుండా రెండోసారి బ్లేడు పెట్టకూడదు. మొదట మార్చాల్సింది తల ఎత్తే. పక్కనున్నవారు రెండు అరచేతులు తల కింద పెట్టి కొంచెం లేపితే ఒక్కోసారి మూసుకున్న తలుపు తెరుచుకుంటుంది. మెడ మీద బయటి నుంచి స్వరపేటికను కొంచెం వెనక్కి, పైకి, కుడికి నొక్కి చూడండి. బ్రిటన్ వారి 2015 మార్గదర్శకాలు ఒకరు మూడుసార్లకు మించి ప్రయత్నించకూడదన్నాయి, నాలుగోసారి వారికంటే అనుభవజ్ఞులు వస్తేనే. మన దేశంలో 2016లో వచ్చిన మార్గదర్శకాలు ప్రయత్నం సాగుతున్నంతసేపూ ముక్కు ద్వారా ఆక్సిజన్ ఇస్తూనే ఉండాలని చెబుతాయి. ముక్కు గొట్టం ముందే తగిలించి పెట్టండి, ఖర్చు లేని పని. లెక్కపెట్టే బాధ్యత నర్సుదే. "మేడమ్, ఇది రెండోసారి" అని గట్టిగా అనండి. కోపం వచ్చినా అనండి. లారింగోస్కోప్ పట్టుకున్నవారికి కాలం ఎంత గడిచిందో తెలియదు.

ట్యూబు వెళ్లింది. వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ చూపే క్యాప్నోగ్రాఫ్ మీద అలలు వచ్చాయి. రెండు వైపులా ఊపిరి వినపడింది. మగవారికి పళ్ల దగ్గర సుమారు 23, ఆడవారికి సుమారు 21 సెంటీమీటర్ల దగ్గర అతికించారు. ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. ఇప్పుడు సర్జన్ వచ్చి థైరాయిడ్‌కని తల వెనక్కి వంచుతారు, లేదా ఇంకో ఆపరేషన్‌కని పక్కకు తిప్పుతారు. ముక్కు ఎటు కదిలితే ట్యూబు కొన అటే కదులుతుంది. గడ్డం కిందికి దిగితే కొన లోతుకు దిగి ఒక ఊపిరితిత్తిలోకే వెళ్లవచ్చు. గడ్డం పైకి లేస్తే కొన పైకి వచ్చి జారిపోవచ్చు. పూర్తిగా ముందుకు వంచినదానికీ, పూర్తిగా వెనక్కి వంచినదానికీ మధ్య సగటున దాదాపు నాలుగు సెంటీమీటర్ల తేడా కొలిచారు. రోగిని కదిపిన ప్రతిసారీ రెండు వైపులా మళ్లీ వినండి. కళ్లు మూసి టేపు వేశారా, మోచేతుల కింద మెత్త ఉందా అన్నదీ అప్పుడే చూడండి.

నా మాట ఇంతే. ప్రశ్నలు అడగండి.

(ఒక హౌస్ సర్జన్: ఐసీయూలో తల ఎత్తి పెట్టడం వల్ల లాభం లేదని ఒక అధ్యయనం చదివాను మేడమ్.)

చదివినందుకు సంతోషం. 2017లో వచ్చినది. నాలుగు ఐసీయూల్లో 260 మంది. తలవైపు మంచం లేపినవారిలో ఆక్సిజన్ మెరుగుపడలేదు, స్వరపేటిక కనబడటం ఇంకా కష్టమైంది. అంతకు ఏడాది ముందు వచ్చిన ఇంకో పరిశీలనలో, థియేటర్ బయట అత్యవసరంగా ట్యూబు వేసినప్పుడు తల ఎత్తి ఉంచినవారిలో ఇబ్బందులు 9.3 శాతం, సమంగా పడుకోబెట్టినవారిలో 22.6 శాతం. రెండూ ఒకదానికొకటి పొసగవు. నేను గమనించేదేమిటంటే, నువ్వు చదివినదానిలో ఎత్తు మంచం లేపడం వల్ల వచ్చింది, దుప్పట్లను మనిషికి తగ్గట్టు పేర్చడం వల్ల కాదు. మంచం లేపినంత మాత్రాన చెవి ఆ గీతలోకి రాదు. ఐసీయూ మంచం మెత్తగా ఉంటుంది, వీపు దిగిపోతుంది, మనిషి కాళ్లవైపు జారిపోయి ఉంటాడు. అక్కడ కూడా పక్క నుంచి చెవినీ, గుంటనూ చూసి నిర్ణయించుకో. మంచం ఎన్ని డిగ్రీలు లేచిందన్నది చూసి కాదు.

(ఒక టెక్నీషియన్: వీడియో లారింగోస్కోప్ ఉంటే ఇదంతా అవసరమా?)

తెర మీద బొమ్మ బాగా కనబడుతుంది, నిజమే. తెర ఆక్సిజన్ నిల్వను పెంచదు. వీడియోతో కూడా ట్యూబు వెళ్లకపోతే మాస్కుతో ఊదాలి కదా, మాస్కు పట్టడం సులువు కావాలంటే తల సరిగ్గా ఉండాలి. కాబట్టి దుప్పట్లు అప్పుడూ కావాలి.

(ఒక స్టాఫ్ నర్సు: ట్యూబు వేయగానే దుప్పట్లు తీసేయమని సర్జన్లు తొందరపెడతారు మేడమ్. ఎప్పుడు తీయాలి?)

మంచి ప్రశ్న, ఇది అడగకపోతే నేనే చెప్పాల్సింది. ట్యూబు అతికించి, అలలు చూసి, రెండు వైపులా విన్నాకే. ఒకరు తలనూ ట్యూబునూ కలిపి పట్టుకోవాలి, ఇద్దరు భుజాలు లేపాలి, ఒకరు దుప్పట్లు లాగాలి. లాగాక పళ్ల దగ్గర అంకె మళ్లీ చదివి, ఛాతీ మళ్లీ వినాలి. అంతదాకా ఆగమని సర్జన్‌కు చెప్పే బాధ్యత మత్తు డాక్టరుది, మీది కాదు. తీసిన దుప్పట్లను మాత్రం మడత విప్పకుండా ఆ గదిలోనే పక్కన పెట్టండి, వార్డుకు పంపేయకండి. లావుగా ఉన్న రోగికి ట్యూబు తీసేటప్పుడు కూడా తల ఎత్తులోనే ఉండాలి, అప్పుడు ఊపిరి ఇబ్బంది వస్తే మళ్లీ ట్యూబు వేయాల్సి రావచ్చు. ట్యూబు తీయడానికి పది నిమిషాల ముందే వాటిని తిరిగి వీపు కింద పేర్చేయండి. రోగి రికవరీ గదికి వెళ్లాక, ఊపిరి బాగా ఆడుతోందని అక్కడి సిస్టర్ చెప్పాకే ఉతకడానికి వేయండి.